భుజం ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నా కుడి భుజానికి రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు) ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన డిశ్చార్జ్ కాగితంలో అన్నిటికంటే కింద ఒక లైను ఉంది: ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వస్తే వెంటనే రావాలి. కుట్ల గురించి, స్లింగ్ గురించి, మాత్రల గురించి ఓపిగ్గా చెప్పినవాళ్ళు ఆ లైను దగ్గర ఆగలేదు. మేమూ అడగలేదు. భుజానికీ ఆయాసానికీ ఏంటి సంబంధం అనే ప్రశ్న ఇంటికొచ్చాక, అదీ అర్ధరాత్రి దాటాక పుట్టింది. ఆ తర్వాత అడిగీ చదివీ తెలుసుకున్నవి, ఇప్పుడు ఆపరేషన్‌కి వెళ్ళబోయేవాళ్ళు నన్ను అడుగుతున్నవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ మందులు, మోతాదులు మీ సర్జన్ చెప్పినట్టే. ఇప్పుడు మీకే ఊపిరి ఆడకుండా ఉంటే మాత్రం ఇది చదవడం ఆపి, ముందు అంబులెన్స్ పిలవండి.

ఆపరేషన్ భుజానికి అయితే గడ్డ ఊపిరితిత్తుల్లోకి ఎలా వెళ్తుంది?

గడ్డ ఊపిరితిత్తుల్లో పుట్టదు. కాలిలోనో చేతిలోనో లోపలి పెద్ద సిరలో కడుతుంది. దాన్ని డీప్ వెయిన్ థ్రాంబోసిస్, పొట్టిగా డీవీటీ అంటారు. ఆ గడ్డ మొత్తంగానో, ముక్కగానో ఊడితే రక్తంతో పాటు పైకి కొట్టుకుపోతుంది. సిరలు గుండెకు దగ్గరయ్యేకొద్దీ వెడల్పవుతాయి కాబట్టి దారిలో దానికి ఎక్కడా అడ్డుండదు. గుండె కుడి భాగంలోంచి కూడా జారిపోతుంది. అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ధమనులు కొమ్మలు కొమ్మలుగా చీలి సన్నబడతాయి. ఎక్కడ పట్టకపోతే అక్కడ ఇరుక్కుంటుంది. ఇదే పల్మనరీ ఎంబాలిజం. హాస్పిటళ్ళలో పీఈ అంటారు.

అలా మూసుకున్న చోటికి రక్తం అందదు. గాలి వచ్చి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ తీసుకోవడానికి రక్తమే ఉండదు. అందుకే గాలి పీలుస్తున్నా చాలనట్టే ఉంటుంది. గడ్డ చిన్నదైతే మనిషికి తెలియకుండానే కరిగిపోవచ్చు. పెద్దదైతే కుడి గుండె మీద ఒక్కసారిగా భారం పడి ప్రాణం మీదికి వస్తుంది.

ఇది ఎంతమందికి వస్తుంది?

చాలా తక్కువ మందికి. చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆర్థ్రోస్కోపీ తర్వాత చేతిలోది, కాలిలోది, ఊపిరితిత్తిలోది అన్నీ కలిపి లెక్కేసినా 1000 మందిలో ముగ్గురు నలుగురికి మించదు. చాలా లెక్కల్లో అంతకన్నా తక్కువే. భుజం కీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళలో కొంచెం ఎక్కువ, సుమారు 200 మందిలో ఒకరి నుంచి 100 మందిలో ఒకరి దాకా. ఎముక విరిగి ఆ దెబ్బ మీదే ఆపరేషన్ చేయాల్సి వచ్చినవాళ్ళకి ఇంకాస్త ఎక్కువ.

తుంటి, మోకాలి కీలు మార్పిడితో పోలిస్తే ఇది చిన్న సంఖ్యే. ముందుజాగ్రత్త మందులు రాకముందు ఆ ఆపరేషన్ల తర్వాత పరీక్ష చేసి చూస్తే దాదాపు సగం మంది కాళ్ళలో గడ్డలు కనపడేవి. వాటిలో చాలావాటికి ఏ లక్షణమూ ఉండేది కాదు, అది వేరే సంగతి. కాలి ఆపరేషన్లలో అందరికీ ఈ భయం ఉంటుంది కాబట్టి అందరూ కనిపెట్టుకుని ఉంటారు. భుజం దగ్గరికొచ్చేసరికి ఆ కాపలా సడలుతుంది. "నడుస్తూనే ఉన్నాడుగా, ఇంకేం గడ్డ" అనుకుంటారు. నన్నడిగితే భుజం ఆపరేషన్‌లో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

గడ్డ చేతిలో కడుతుందా, కాలిలో కడుతుందా?

రెండు చోట్లా కట్టొచ్చు. చేతిలో అయితే ఎక్కువగా చంకలోంచి, మెడ ఎముక కిందనుంచి వెళ్ళే పెద్ద సిరల్లో. చేతి గడ్డలు ఊపిరితిత్తుల దాకా వెళ్ళడం కాలి గడ్డలంత తరచుగా జరగదు, కానీ జరుగుతుంది. భుజం ఆపరేషన్ అయినవాళ్ళు పిక్కల్ని కూడా చూసుకోవాలని చెప్పేది అందుకే.

నడవగలిగే మనిషికి గడ్డ ఎందుకు కడుతుంది?

19వ శతాబ్దంలో రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ డాక్టర్ చేసిన పని ఈ ప్రశ్నకి ఇప్పటికీ ఆధారం. ఎంబాలిజం అన్న మాట కూడా ఆయన పెట్టిందే. ఆయన 1821 అక్టోబర్ 13న పుట్టాడని ఆ రోజునే ప్రపంచ థ్రాంబోసిస్ దినంగా జరుపుతున్నారు. ఆయన పేరుతో వైద్య విద్యార్థులు మూడు కారణాలు చదువుకుంటారు: రక్తం నెమ్మదించడం, రక్తనాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం.

భుజం ఆపరేషన్‌లో మూడూ ఉన్నాయి. ఆపరేషన్ ఏదైనా సరే, రక్తస్రావం ఆపుకోవడానికి ఒంట్లో గడ్డకట్టే వ్యవస్థ కొన్ని వారాల పాటు చురుగ్గా ఉంటుంది. ఆపరేషన్ టేబుల్ మీద మనిషిని కుర్చీలో వాలినట్టు కూర్చోబెడతారు, దీన్ని బీచ్ చెయిర్ పొజిషన్ అంటారు. లేదంటే పక్కకి పడుకోబెట్టి చేతిని బరువుతో లాగి ఉంచుతారు. మొదటి పద్ధతిలో మత్తులో ఉన్న కాళ్ళు గుండె కన్నా కిందికి, కదలకుండా గంటా రెండు గంటలు ఉంటాయి. పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా రక్తాన్ని పైకి నెడుతుంది, మత్తులో ఆ పంపు ఆగినట్టే. రెండో పద్ధతిలో లాగి పట్టిన చేతిలో సిరలు సాగి, నొక్కుకుంటాయి. దీనికి తోడు ఆర్థ్రోస్కోపీలో కీలు లోపలికి ఒత్తిడితో నీళ్ళు పంపుతారు, అవి చుట్టుపక్కల కండలోకి ఊరి చంక దగ్గర వాపు తెస్తాయి.

ఇంటికొచ్చాక సంగతి ఇంకోటి. చెయ్యి స్లింగ్‌లో మడిచి కట్టేసి ఉంటుంది. నొప్పి, సరిగ్గా నిద్ర లేకపోవడం, మాత్రల మగత. నడవగలం నిజమే, కానీ నడవం. నేను మొదటి నాలుగు రోజులు కుర్చీలోంచి లేచింది బాత్రూమ్‌కీ, అన్నానికీ తప్ప దేనికీ కాదు.

నాకు రిస్క్ ఎక్కువో కాదో ఎలా తెలుస్తుంది?

అన్నిటికన్నా బరువైనది పాత చరిత్ర. ఇంతకుముందు మీకు కాలిలోనో ఊపిరితిత్తిలోనో గడ్డ వచ్చి ఉంటే, ఎన్నేళ్ళయినా సరే, సర్జన్ అడగకపోయినా మీరే చెప్పాలి. అమ్మానాన్నలకి, తోబుట్టువులకి వచ్చినా చెప్పాలి. కొందరి రక్తానికి గడ్డకట్టే గుణం వంశపారంపర్యంగా వస్తుంది. అందులో ఒకదానికి ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అని, 1994లో కనిపెట్టిన నెదర్లాండ్స్ నగరం పేరే పెట్టారు.

క్యాన్సర్ ఉన్నవాళ్ళు, దానికి చికిత్స తీసుకుంటున్నవాళ్ళు తర్వాత. ఆపైన ఊబకాయం, 60 దాటిన వయసు, గుండె ఫెయిల్యూర్, గర్భం, కాన్పు తర్వాతి మొదటి ఆరు వారాలు, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, పొగతాగడం, వేరే జబ్బుతో అప్పటికే మంచం మీద ఉండటం. ఆపరేషన్ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. పూర్తి మత్తు 90 నిమిషాలు దాటే చేతి, భుజం ఆపరేషన్లలో గడ్డ రాకుండా జాగ్రత్తల గురించి ఆలోచించమని బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతాయి. ఆ భాగానికి మాత్రమే మత్తిచ్చి చేసేదైతే మామూలుగా అవసరం లేదని కూడా అవే అంటాయి.

ఇవేవీ లేనివాళ్ళకి కూడా ఎప్పుడో ఒకరికి వస్తుంది. ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి రాదు.

గర్భనిరోధక మాత్రలు, మెనోపాజ్ హార్మోన్ మాత్రలు ఆపాలా?

ఈస్ట్రోజెన్ ఉన్నవైతే ముందుగా వేసుకున్న ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందు ఆపే విషయం ఆలోచిస్తారు. మీ అంతట మీరు ఆపకండి. డాక్టర్‌తో మాట్లాడి, ఆ నాలుగు వారాలకి వేరే గర్భనిరోధక పద్ధతి అడగండి. చాలామంది ఈ మాత్రల్ని "మందులు" కింద లెక్కెయ్యరు. ఏం వాడుతున్నారని అడిగితే బీపీ మాత్ర చెప్పి, ఇది వదిలేస్తారు.

ఆపరేషన్ అయిన రాత్రే ఊపిరి సగంలో ఆగిపోతున్నట్టుంది. గడ్డేనా?

ఇది నా అర్ధరాత్రి ప్రశ్న. పొద్దున ఆపరేషన్, సాయంత్రానికి ఇల్లు. రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చింది. గాలి గట్టిగా పీల్చబోతే ఎవరో కుడిపక్కన అడ్డం పెట్టినట్టు సగంలోనే ఆగిపోతోంది. గొంతు బొంగురుపోయింది. మా అక్క లైటేసి నా మొహం చూసి "ఒరేయ్, నీ కుడి రెప్ప వాలిపోయిందేంట్రా" అంది. దాంతో ఉన్న ధైర్యం కూడా పోయింది. వార్డుకి ఫోన్ చేసింది. అవతలి నర్సు కంగారు పడకుండా వరసగా అడిగింది: "పడుకుంటే ఎక్కువై, లేచి కూర్చుంటే తగ్గుతోందా అండీ? చెయ్యి ఇంకా మొద్దుబారే ఉందా? ఛాతీలో నొప్పి ఏమైనా ఉందా? పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలుగుతున్నారా?" చెయ్యి దుంగలా పడి ఉంది. నొప్పి లేదు. కూర్చుంటే నయంగానే ఉంది.

అది బ్లాక్ పని. భుజం నొప్పి తెలియకుండా మెడ పక్కన నరాల దగ్గర ఇచ్చే ఇంటర్‌స్కేలిన్ బ్లాక్ మందు పక్కనే ఉన్న ఫ్రెనిక్ నరాన్ని కూడా మొద్దుబారుస్తుంది. ఆ నరం ఆ పక్క డయాఫ్రాన్ని, అంటే ఊపిరి పీల్చే ప్రధాన కండరాన్ని నడిపేది. మామూలు మోతాదులో ఇస్తే దాదాపు అందరికీ ఆ పక్క డయాఫ్రం కాసేపు మందగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో చాలామందికి తెలియను కూడా తెలియదు. ఇంకొన్ని నరాలకు తగిలితే రెప్ప వాలుతుంది, గొంతు మారుతుంది. చేతికి స్పర్శ తిరిగొచ్చేకొద్దీ, 12 నుంచి 24 గంటల్లో, ఇదంతా దానంతటదే పోతుంది. నాకు మర్నాడు మధ్యాహ్నం భోజనానికి రెప్ప లేచింది, ఆ వెంటే భుజం నొప్పీ లేచింది.

కాబట్టి మొదటి రాత్రి ఆయాసం ఎక్కువగా బ్లాక్‌దే. అయినా ఫోన్ చేసి చెప్పాల్సిందే. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళకి ఆ మాత్రం తగ్గుదల కూడా ఇబ్బంది పెట్టొచ్చు. అరుదుగా ఊపిరితిత్తి పొరలోకి గాలి చేరడం కూడా ఉంటుంది. ఒకసారి బ్లాక్ దిగిపోయి, చేతికి స్పర్శ వచ్చాక, బాగున్న ఊపిరి మళ్ళీ చెడితే మాత్రం దాన్ని బ్లాక్ మీదికి నెట్టేయకండి.

అయితే గడ్డ వచ్చినప్పుడు ఎలా ఉంటుంది?

ఎక్కువగా హఠాత్తుగా మొదలవుతుంది. నిన్నటిదాకా ఇంట్లో మామూలుగా తిరిగిన మనిషి బాత్రూమ్ దాకా వెళ్ళి రొప్పుతూ వస్తాడు. గాలి పీల్చినప్పుడల్లా ఛాతీలో ఒకపక్క కత్తితో పొడిచినట్టు నొప్పి. కూర్చున్నా గుండె దడదడ. చెమటలు, కళ్ళు తిరగడం, కొందరికి సొమ్మసిల్లడం. దగ్గు, కఫంలో నెత్తుటి చారలు. అన్నీ ఒకరికే రావాలని లేదు. కారణం లేకుండా కొత్తగా మొదలైన ఆయాసం ఒక్కటి చాలు పరుగెత్తడానికి.

భుజం వాళ్ళకి ఒక తిరకాసు ఉంది. గడ్డ వల్ల ఊపిరితిత్తి అడుగుభాగం దెబ్బతిని డయాఫ్రం పక్కన పొర రేగితే, ఆ నొప్పి భుజం కొసన తెలుస్తుంది. రెండింటికీ నరాల మూలం మెడలోనే కాబట్టి మెదడు పొరబడుతుంది. అసలే కోసి కుట్టిన భుజం. నొప్పి పెరిగితే ఎవరైనా కుట్లనే అనుమానిస్తారు. తేడా పట్టుకోవడానికి ఒక దారి: చెయ్యి కదిపితే పెరిగే నొప్పి భుజానిది, చెయ్యి కదపకుండా ఊపిరి పీల్చినా పెరిగేది అనుమానించాల్సింది. ఇది పరీక్ష కాదు. ఫోన్ చేయడానికి ఒక కారణం, అంతే.

"స్లింగ్ పట్టీ ఛాతీకి ఒరుసుకుంటోంది", "టెన్షన్ వల్లే", "గ్యాస్ పట్టింది" అనే మూడు మాటలు ఇంట్లో తప్పకుండా వినిపిస్తాయి. మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వాటిని వినిపించుకోకండి.

వేళ్ళు, ముంజేయి బాగా వాచాయి. అది గడ్డేనా?

చాలావరకు కాదు. ఆపరేషన్ చోట చేరిన రక్తం, నీరు చేతి వెంట కిందికి దిగుతాయి. మూడో రోజుకి నా మోచేయి లోపలివైపు, ఛాతీ పక్కన వంకాయ రంగులో కమిలి, వారానికి ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి పోయింది. వేళ్ళు గుప్పిట మూసి తెరుస్తుంటే, ముంజేయి దిండు మీద ఎత్తి పెట్టుకుంటే ఇలాంటి వాపు రోజురోజుకీ తగ్గుతుంది.

తగ్గకుండా పెరిగే వాపు వేరు. చెయ్యి మొత్తం పైదాకా బిగుసుకుని బరువెక్కడం, చర్మం నీలంగానో ఎర్రగానో మారడం, భుజం మీద, ఛాతీ పైభాగంలో ఇదివరకు కనపడని సిరలు ఉబ్బి తేలడం. లోపలి సిర మూసుకుపోతే రక్తం చర్మం కింది చిన్న సిరల్లోంచి దారి వెతుక్కుంటుంది, అవే అలా తేలేవి. ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ రోజే డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారుతోందో లేదో చూసే అల్ట్రాసౌండ్) చేయించాలి.

పిక్క నొప్పిగా ఉంది. నడిచినందుకేనేమో?

రెండు పిక్కలూ నొప్పిగా ఉంటే నడక కావచ్చు. ఒక్కటే వాచి, పక్కదానికన్నా లావుగా, తాకితే వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉంటే చూపించాలి. టేపుతో రెండు పిక్కలూ ఒకే ఎత్తులో కొలవండి. తేడా మూడు సెంటీమీటర్లు దాటితే డాక్టర్లు కూడా దాన్ని ఒక గుర్తుగా తీసుకుంటారు. ఆ పిక్కని మాత్రం నూనె పెట్టి మర్దన చేయకండి, చేయనివ్వకండి.

ఎన్ని రోజుల దాకా జాగ్రత్తగా ఉండాలి?

మొదటి రెండు మూడు వారాల్లో ఎక్కువ. ఆ తర్వాత తగ్గుతూ, మూడు నెలల దాకా కొంత ఉంటుంది. కుట్లు విప్పారు కదా అని ఇది పోదు.

పల్స్ ఆక్సిమీటర్‌లో 97 చూపిస్తోంది. తెల్లారేదాకా ఆగొచ్చా?

ఆగకండి. పీఈ ఉన్నా ఆక్సిజన్ అంకె మామూలుగా ఉండొచ్చు, ముఖ్యంగా వయసు తక్కువ ఉన్నవాళ్ళలో. అదే తెర మీద పక్కన ఉండే రెండో అంకె, నాడి, ఎవరూ చూడరు. కదలకుండా కూర్చున్నా అది 100 దాటి నిలబడితే అది కూడా కబురే. అంకె తక్కువగా ఉంటే పరుగెత్తండి, బాగుంటే లక్షణాల్ని నమ్మండి.

కాళ్ళ స్కాన్ నార్మల్ వచ్చింది. ఇక పీఈ లేనట్టేనా?

కాదు. గడ్డ మొత్తం అప్పటికే ఊడి వెళ్ళిపోయి ఉండొచ్చు, లేదా స్కాన్‌లో సరిగ్గా కనిపించని చోట ఉండొచ్చు. టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్ సంగతి చాలామందికి తెలుసు. కాలి ఆపరేషన్ల తర్వాత 2011లో ఆమెకి ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చాయి. 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఆయాసం రాగానే ఆమే గుర్తుపట్టి, ఊపిరితిత్తుల సీటీ స్కాన్ కావాలని పట్టుబట్టింది. ముందు కాళ్ళకి అల్ట్రాసౌండ్ చేస్తే ఏమీ కనపడలేదు. తర్వాత సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలున్నాయి. భుజం కథ కాకపోయినా, ఈ ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నా దగ్గర లేదు.

హాస్పిటల్‌లో ఏం పరీక్షలు చేస్తారు?

తేల్చి చెప్పేది సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్. సిరలోకి రంగు మందు ఎక్కించి ఊపిరితిత్తి ధమనుల్ని సీటీలో తీస్తారు. కిడ్నీ సమస్య గానీ, రంగు మందు పడకపోవడం గానీ, గర్భం గానీ ఉంటే ముందే చెప్పాలి, అలాంటివాళ్ళకి వీక్యూ స్కాన్ అని వేరే దారి ఉంది. ఈసీజీ, ఎక్స్‌రే, గుండె ఎకో, రక్తపరీక్షలు తోడుగా ఉంటాయి.

డీ-డైమర్ అనే రక్తపరీక్ష పేరు వినే ఉంటారు. గడ్డ కరిగేటప్పుడు రక్తంలో చేరే ముక్కల్ని అది కొలుస్తుంది. ఆపరేషన్ అయినవాళ్ళలో అది ఎలాగూ పెరిగే ఉంటుంది కాబట్టి, ఎక్కువ వచ్చిందని గడ్డ ఉందనుకోనక్కర్లేదు.

క్యాజువాలిటీలో నోరు తెరవగానే చెప్పాల్సిన మాట ఒకటుంది: "నాకు ఇన్ని రోజుల కింద భుజం ఆపరేషన్ అయింది." మీ సర్జన్ అక్కడ ఉండకపోవచ్చు. స్లింగ్ చూసి ఎవరైనా చెయ్యి విరిగిందనుకుంటారు. డిశ్చార్జ్ కాగితం, వాడుతున్న మందుల చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళండి. బండి మీరు నడపకండి.

మరి అందరికీ రక్తం పలచబరిచే మందు ముందే ఇచ్చేస్తే సరిపోదా?

మంచి ప్రశ్నే. ఆ మందు ఉచితంగా రాదు, రక్తస్రావం అనే ఖరీదు అడుగుతుంది. కొత్తగా కుట్టిన భుజంలో రక్తం చేరితే వాపు, నొప్పి, పుండు మానకపోవడం, ఇన్ఫెక్షన్, ఒక్కోసారి మళ్ళీ ఆపరేషన్. వెయ్యిలో ఒకరిద్దరికి వచ్చే గడ్డ కోసం మిగిలిన అందరి మీదా ఆ రిస్క్ పెట్టడం సబబు కాదని, తక్కువ రిస్క్ ఉన్నవాళ్ళకి ఆర్థ్రోస్కోపీ తర్వాత మామూలుగా ఇవ్వరు. పాత గడ్డ చరిత్ర, క్యాన్సర్, కీలు మార్పిడి లాంటివి ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు హెపారిన్ ఇంజెక్షన్లో, మాత్రలో కొన్ని రోజులు రాస్తారు. అందుకే పక్కింటాయనకి ఇచ్చారు, నాకివ్వలేదే అని బాధపడక్కర్లేదు. "నా విషయంలో ఏం ఆలోచించారు?" అని మాత్రం అడగండి. ఆపరేషన్‌కి ముందే అడగండి.

పోనీ నేనే ఆస్పిరిన్ వేసుకోనా?

వద్దు. గుండె కోసం ఇప్పటికే వాడుతుంటే, ఆపాలా కొనసాగించాలా అనేది కూడా డాక్టర్ మాటే.

ఇంట్లో నేను చేయగలిగింది ఏంటి?

నడక. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి ఐదు నిమిషాలు ఇంట్లోనే తిరగండి. చెయ్యి కట్టేసి ఉంటే తూలు ఎక్కువ ఉంటుంది, పడితే కుట్టిన కండ తెగుతుంది. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఒకరు పక్కన ఉంటే మంచిది. కూర్చున్నప్పుడు మడమ నేలకి ఆనించి పాదం పైకి లాగడం, కిందికి నొక్కడం పది ఇరవైసార్లు. పిక్క పంపు పనిచేసేది దీంతోనే. ఆపరేషన్ అయిన చేతి వేళ్ళు, మణికట్టు ఆడిస్తూ ఉండండి. మోచేయి స్లింగ్‌లోంచి తీసి చాపొచ్చో లేదో, ఎప్పటినుంచో సర్జన్‌ని అడగండి, కొన్ని ఆపరేషన్లలో ఒప్పుకోరు. నీళ్ళు తాగండి. ఒంటి చేత్తో బాత్రూమ్ పని కష్టమని చాలామంది నీళ్ళు తగ్గించేస్తారు. నేనూ తగ్గించాను. మా అక్క పట్టుకుంది.

రిక్లైనర్‌లో పడుకోవడం ప్రమాదమా?

భుజం ఆపరేషన్ తర్వాత బల్లపరుపుగా పడుకోలేం, కొన్ని వారాలు వాలు కుర్చీలోనో దిండ్ల ఎత్తు మీదో నిద్ర తప్పదు. కుర్చీ తప్పు కాదు. కాళ్ళు కిందికి వేలాడేసి, మోకాళ్ళ వెనక అంచు నొక్కుకునేలా ఆరేడు గంటలు ఉండటం మంచిది కాదు. కాళ్ళు ఎత్తి పెట్టుకోండి. మోకాలి కింద గట్టి దిండు ముడిచి పెట్టకండి. రాత్రి లేచినప్పుడల్లా పాదాలు ఆడించి, నాలుగడుగులు వేసి మళ్ళీ పడుకోండి.

బిగుతు సాక్స్ కొనుక్కోవాలా?

డాక్టర్ రాస్తేనే. కాళ్ళలో ధమనులు సన్నబడినవాళ్ళకి, షుగర్ వల్ల పాదాల స్పర్శ పోయినవాళ్ళకి అవి హాని చేస్తాయి. ఒంటి చేత్తో అవి ఎక్కించుకోవడం ఎలాగో నాకైతే అంతుపట్టలేదు.

ప్రయాణం ఎప్పుడు చేయొచ్చు?

కదలకుండా నాలుగు గంటలు దాటే ఏ ప్రయాణమైనా, విమానం గానీ కారు గానీ బస్సు గానీ, గడ్డ అవకాశాన్ని పెంచుతుంది. మొదటి వారాల్లో వాయిదా వేయగలిగితే వేయండి. తప్పకపోతే సర్జన్‌కి చెప్పి, నడవా పక్క సీటు తీసుకుని, మధ్యమధ్యలో లేచి నడవండి. ప్రయాణమంతా నిద్రమాత్ర వేసుకుని పడుకోవాలనే ఆలోచన మాత్రం మానుకోండి.

గడ్డ ఉందని తేలింది. ఇప్పుడేం చేస్తారు?

వెంటనే రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు మొదలుపెడతారు. హెపారిన్ ఇంజెక్షన్‌తో గానీ, అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి మాత్రలతో గానీ. ఈ మందులు ఉన్న గడ్డని కరిగిస్తాయని చాలామంది అనుకుంటారు. అవి గడ్డ పెరగకుండా, కొత్తది కట్టకుండా చూస్తాయి. కరిగించే పని నెమ్మదిగా ఒళ్ళే చేసుకుంటుంది. నిజంగా కరిగించే మందులు వేరే ఉన్నాయి. బీపీ పడిపోయి ప్రాణాపాయం ఉన్నవాళ్ళకే వాటిని వాడతారు, ఎందుకంటే కొత్త ఆపరేషన్ గాయం ఉన్న మనిషిలో అవి విపరీతంగా రక్తస్రావం తేగలవు. కొన్నిసార్లు సన్నని గొట్టం పంపి గడ్డని లాగేస్తారు.

మందు కనీసం మూడు నెలలు. ఊపిరి బాగైంది కదా అని నెలకే మానేసేవాళ్ళున్నారు, అది చాలా ప్రమాదం. వార్ఫారిన్ అనే మాత్ర ఇస్తే, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ రక్తపరీక్ష తరచూ చేయించాలి, అంకె 2 నుంచి 3 మధ్య ఉండేలా చూస్తారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి వాటిని మానక్కర్లేదు గానీ, రోజూ ఇంచుమించు ఒకేలా తినాలి. వార్ఫారిన్ మొదట ఎలుకల మందుగా అమ్మిందే. 1954 నుంచి మనుషులకి ఇస్తున్నారు. ఈ సంగతి తెలిసి మానేస్తామన్నవాళ్ళకి చెప్పేదొకటే: తేడా అంతా మోతాదులో ఉంది.

ఆ మందు వాడుతూ భుజం నొప్పికి ఏం వేసుకోవాలి? ఫిజియోథెరపీ ఆపాలా?

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రక్తం పలచబరిచే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావం రావొచ్చు. ఇంట్లో మిగిలినవి ఉంటే పక్కన పడేసి, ఏది వేసుకోవాలో డాక్టర్‌నే అడగండి. నల్లగా తారులా విరేచనం, ఆగని ముక్కు రక్తం, తలకి దెబ్బ తగలడం, భుజం ఒక్కసారిగా బిగుసుకుని ఉబ్బడం, వీటిలో ఏదైనా అయితే వెంటనే వెళ్ళాలి. ఫిజియోథెరపీ కొన్ని రోజులు ఆగొచ్చు, మానక్కర్లేదు. భుజం కొంచెం బిగుస్తుంది. తర్వాత విడిపించుకోవచ్చు.

తర్వాత పూర్తిగా బాగవుతుందా?

ఎక్కువమందికి అవుతుంది. ఆయాసం, నీరసం కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి తగ్గుతాయి. మూడు నెలలు మందు వాడాక కూడా మెట్లెక్కితే రొప్పు వస్తుంటే ఊరుకోకండి. కొద్దిమందిలో గడ్డ పూర్తిగా కరగక మచ్చలా మిగిలి ఊపిరితిత్తి ధమనుల్లో ఒత్తిడి పెంచుతుంది, దానికి వేరే పరీక్షలు, వేరే చికిత్స ఉన్నాయి.

రెండో భుజానికి కూడా ఆపరేషన్ అన్నారు. మళ్ళీ వస్తుందా?

ఆపరేషన్ లాంటి స్పష్టమైన కారణంతో వచ్చిన గడ్డ, కారణం పోయాక మళ్ళీ రావడం తక్కువ. కానీ రెండో ఆపరేషన్ అంటే ఆ కారణం మళ్ళీ వచ్చినట్టే. ఈసారి ముందుజాగ్రత్త మందు ఇవ్వొచ్చు. వేచి చూడగల ఆపరేషనైతే గడ్డ వచ్చాక కనీసం మూడు నెలలు ఆగుతారు. సర్జన్‌కీ, మత్తు డాక్టర్‌కీ విడివిడిగా చెప్పండి. ఒకరికి చెబితే ఇంకొకరికి చేరుతుందని అనుకోకండి.

నాకు గడ్డ రాలేదు, ఆ రాత్రిది బ్లాకే. ఎడమ భుజం ఇప్పుడు మొరాయిస్తోంది. ఈసారి మత్తు డాక్టర్‌ని అడగాల్సినవి ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మొదటిది బ్లాక్ మందు మోతాదు తగ్గించి ఇస్తారా అని. రెండోది మా అక్క రాసింది: ఇంటికి పంపే ముందు ఆ ఆఖరి లైను ఎవరైనా చదివి చెప్తారా అని.